ఆటస్థలాన్ని పార్కుగా మారుస్తుంటే పిల్లల కోసం ఏం అడగాలి? మా మాధవధార అనుభవం

విశాఖ ఎంవీపీ కాలనీలో మీ ఇంటి ముందున్న ఖాళీ స్థలంలో ఏళ్ల తరబడి పిల్లలు ఆడుకుంటున్నారని, ఇప్పుడు దాన్ని వాకింగ్ ట్రాక్, పచ్చిక, ఓపెన్ జిమ్‌తో పార్కు చేస్తున్నారని, 'ఆటలు నిషేధం' అని బోర్డు కూడా పెడతారంటున్నారని రాశారు. పిల్లల తరఫున ఎవరిని అడగాలో తెలియడం లేదు, అడిగితే పార్కే వద్దంటున్నామని చుట్టుపక్కలవాళ్లు అనుకుంటారేమో అన్నారు. ఆ టెన్షన్ నేను పడ్డాను. మాధవధార వైపు మా కాలనీలో 2018లో ఇదే జరిగింది.

ముఖ్యమైనది ముందే చెప్పేస్తాను. పని మొదలయ్యాక వెళ్తే మారేది చాలా తక్కువ. ఎస్టిమేట్ వేసే దశలోనే, టెండరు పిలవకముందే వెళ్లాలి. ఉత్త చేతులతో కాకుండా, ఏ గంటలో ఎవరు వాడుకుంటారో రాసిన కాగితంతో వెళ్లాలి. మేము ఆలస్యంగా వెళ్లాం, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

మా స్థలం సుమారు 60 సెంట్లు ఉంటుంది. ఒకప్పుడు దాని చుట్టూ నిద్రగన్నేరు, తురాయి చెట్లుండేవి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి ఒక్క రోజులో అన్నీ పడగొట్టేసింది. మొద్దులు, కొమ్మలు తీసేశాక ఎర్రమట్టి నేల మిగిలింది. నీడ పోయిందని పెద్దవాళ్లం బాధపడుతుంటే పిల్లలు మాత్రం నెల తిరక్కుండానే మూడు చోట్ల వికెట్లు పాతేశారు. వినాయక చవితి పందిరి అక్కడే వేసేవాళ్లం. సింహాచలం గిరిప్రదక్షిణ మా వైపు నుంచే సాగుతుంది. 32 కిలోమీటర్లు నడిచే భక్తులకు ఆ రాత్రి అక్కడే డ్రమ్ములు పెట్టి మజ్జిగ పోసేవాళ్లం. విశాఖలో ఒక పక్క కొండ, ఒక పక్క సముద్రం. ఇళ్ల మధ్య చదునైన నేల దొరకడం ఎంత కష్టమో మీకు చెప్పక్కర్లేదు. అందుకే అలాంటి ఒక్క స్థలం మీద అందరికీ ఆశ ఉంటుంది, ఎవరి ఆశా తప్పు కాదు.

గొడవ బంతి దగ్గర మొదలైంది. పెద్ద కుర్రాళ్లు కార్క్ బంతితో ఆడుతుంటే, నడుస్తున్న ఒక రిటైర్డ్ మాస్టారి భుజానికి తగిలింది. మూడు వారాలు ఆయన చెయ్యి ఎత్తలేకపోయారు. అంతకుముందే రెండు కిటికీ అద్దాలు పగిలాయి. ఆ కోపంలో మా అసోసియేషన్ పెద్దలు అర్జీ రాసుకుని ఇల్లిల్లూ తిరిగారు. పైన 'పార్కు అభివృద్ధి గురించి' అని ఉంది. మంచి పనే కదా అని నేనూ సంతకం పెట్టాను. రెండో పేజీలో ఆటలు పూర్తిగా నిషేధించాలని రాసి ఉంది. అది నేను చదవలేదు. ఆ సంతకం తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

కొన్ని నెలలకు డ్రాయింగ్ బయటికొచ్చింది. చుట్టూ ట్రాక్, మధ్యలో తొక్కకూడని పచ్చిక, దాని నడుమ ఫౌంటెన్, మిగిలినచోట పేవర్ టైల్స్, బెంచీలు. పిల్లల కోసం ఒక మూల రెండు ఊయలలు, ఒక జారుడుబల్ల. కాగితం మీద చూస్తే ముచ్చటగానే ఉంది. కానీ ఊయల, జారుడుబల్ల ఆరేడేళ్లలోపు పిల్లలకు సరిపోతాయి. పదేళ్లు దాటినవాళ్లకు పరుగెత్తే చోటు కావాలి, అది బొమ్మలో ఎక్కడా లేదు. మన పార్కుల్లో ఎక్కువగా వదిలేసేది ఈ పది నుంచి పదహారేళ్ల వయసు పిల్లల్నే. మీ డ్రాయింగ్‌లో ముందు చూడాల్సింది ఇదే.

పని మొదలై స్థలం చుట్టూ రేకులు కట్టేశాక పిల్లలు కొన్నాళ్లు వీధిలో ఆడారు. ఆటోలు, స్కూల్ బస్సులు తిరిగే వీధి. తర్వాత సాయంత్రాలు కనిపించడం మానేశారు. ఎక్కడికి పోతున్నారా అని చూస్తే, హైవే దాటి అవతల ఒక ఖాళీ స్థలానికి వెళ్తున్నారు. మా చిన్నవాడికి అప్పుడు పదకొండేళ్లు. లారీల మధ్యలోంచి బ్యాటు పట్టుకుని వాడు పరుగెత్తడం నా కళ్లతో చూశాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడే మేము నలుగురం తల్లులం కలిసి విశాఖ నగరపాలక సంస్థ (జీవీఎంసీ) ఆఫీసుకు వెళ్లాం.

అక్కడ కూర్చున్న ఇంజనీరు మమ్మల్ని విసుక్కోలేదు. ఫైలు తీసి చూపించారు. "అమ్మా, ఆటలు వద్దని మీ కాలనీ వాళ్లే రాసిచ్చారు, ఇవిగో సంతకాలు. ఆడుకోనివ్వమని ఒక్క కాగితం కూడా రాలేదు" అన్నారు. ఆ సంతకాల్లో నాదీ ఉంది. ఏం మాట్లాడాలో తెలియలేదు. కానీ ఆయన చెప్పింది నిజం. ఆఫీసుకు కనిపించేది ఫైల్లో ఉన్న కాగితమే. ఉదయం నడిచేవాళ్లకు ఫోన్లున్నాయి, తీరిక ఉంది, తెలిసినవాళ్లున్నారు. పిల్లలు అర్జీ రాయరు. వాళ్ల తరఫున మనమే రాసి ఫైల్లో చేర్చాలి.

అప్పట్లో మాకు ఇంకో ఇబ్బంది కూడా ఉంది. 2012లో పాలకవర్గం గడువు ముగిశాక 2021 మార్చి దాకా జీవీఎంసీకి ఎన్నికలు జరగలేదు. అంటే వెళ్లి అడగడానికి కార్పొరేటర్ లేడు. మీరు వెళ్లేనాటికి పాలకవర్గం ఉంటే మొదట కార్పొరేటర్‌ను కలవండి. మీ వార్డు తరఫున ఒక నిర్ణయాన్ని కౌన్సిల్‌లో అడగగలిగేది ఆయనో ఆవిడో. లేకపోతే జోనల్ కమిషనర్‌కు అర్జీ ఇవ్వండి. సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలోనూ ఇవ్వండి. అక్కడ ఇచ్చిన అర్జీకి నంబరు వస్తుంది. ఆ నంబరు పోగొట్టుకోవద్దు, తర్వాత ప్రతి మాటా దాని మీదే నడుస్తుంది. వార్డు సచివాలయంలో ప్లానింగ్, ఎమినిటీస్ (సౌకర్యాల) కార్యదర్శులు ఉంటారు. పని ఏ దశలో ఉందో వాళ్లను అడిగితే తొందరగా తెలుస్తుంది. సచివాలయాలు 2019 అక్టోబరులో వచ్చాయి, మా గొడవప్పుడు ఆ సౌకర్యం లేదు.

దాంతోపాటే సమాచార హక్కు దరఖాస్తు వేయండి. రుసుము పది రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. నాలుగు అడగండి: మీ కాలనీ లేఅవుట్ ప్లాన్ నకలు, మంజూరైన ఎస్టిమేట్, డ్రాయింగ్, ఆటలు నిషేధించాలని ఏదైనా ఉత్తర్వో తీర్మానమో ఉంటే దాని నకలు. ఫైలును స్వయంగా చూసే హక్కు కూడా ఆ చట్టంలో ఉంది, అదీ అడగండి. మాకు నాలుగో ప్రశ్నే పనిచేసింది. బోర్డు రాయించారు గానీ దాని వెనక ఏ ఉత్తర్వూ లేదని జవాబు వచ్చింది. లేఅవుట్ కాగితంలో మా స్థలం మీద 'పార్కు, ఆటస్థలం' అని రెండూ రాసి ఉన్నాయి. అది చూపించాక, ఆటలు అక్కడ కొత్తగా వచ్చిపడినవేమీ కావని పెద్దలు కూడా ఒప్పుకున్నారు.

చట్టం గురించి ఒక సంగతి స్పష్టంగా తెలుసుకోండి. కొత్త లేఅవుట్లలో పది శాతం స్థలం పార్కులకు, ఆటస్థలాలకు వదిలి, రిజిస్టర్డ్ గిఫ్ట్ డీడ్‌తో స్థానిక సంస్థకు ఇవ్వాలి. అలా పార్కు కోసం ఉంచిన స్థలంలో ప్రైవేటు నర్సింగ్ హోమ్ కట్టబోతే, బెంగళూరులో ఒక కాలనీ వాళ్లు కోర్టుకెళ్లారు. 1991లో సుప్రీంకోర్టు ఆ కేటాయింపు చెల్లదంది. బెంగళూరు మెడికల్ ట్రస్ట్ కేసు అంటే లాయర్లందరికీ తెలుసు. మీ స్థలంలో ఎవరైనా భవనం కట్టబోతే ఈ తీర్పు బలం. ట్రాక్ కావాలా, క్రికెట్ కావాలా అన్న తగాదాలో మాత్రం ఇది పనికిరాదు, రెండూ ఆ స్థలానికి తగిన వాడకాలే. కోర్టు మాటతో ఇరుగుపొరుగును బెదిరించొద్దు. మా కాలనీలో ఒకాయన అలా మాట్లాడాక రెండు నెలలు ఎవరూ ఎవరితో పలకలేదు.

మాకు దారి చూపించింది మళ్లీ ఆ మాస్టారే, బంతి దెబ్బ తగిలిన ఆయన. ఒక ఆదివారం పొద్దున్నే టేపు, సుద్దముక్కలు పట్టుకుని పిల్లలందర్నీ పిలిచారు. ట్రాక్‌ను అంచుకు జరిపితే మధ్యలో ఎంత మిగులుతుందో వాళ్ల చేతే కొలిపించారు. పచ్చిక, ఫౌంటెన్ తీసేస్తే వాలీబాల్ కోర్టు, దాని పక్కన టెన్నిస్ బంతితో ఆడుకునేంత నేల వస్తున్నాయి. ఆయన రాసిన కాగితంలో ఇంతే ఉంది. ఉదయం 5 నుంచి 8 దాకా నడిచేవాళ్లకు. సాయంత్రం 4 నుంచి 6:30 దాకా మధ్య నేల పిల్లలకు. ఆ తర్వాత మళ్లీ అందరికీ. ఆదివారం 8 నుంచి 11 దాకా ఆటలకు. కార్క్ బంతి ఎప్పుడూ వద్దు. ఇళ్ల వైపు ఎత్తుగా వల కట్టాలి. దీని మీద పెద్దల సంతకాలు, కింద పిల్లల పేర్లు.

ఆ కాగితం తీసుకెళ్తే మాట మారింది. "ఆటలు కావాలి" అని అడిగినప్పుడు జవాబు రాలేదు. "ఫౌంటెన్ తీసేసి ఆ ఖర్చుతో వల కట్టండి" అన్నప్పుడు ఎస్టిమేట్ సవరించొచ్చా అని ఆలోచించారు. అప్పటికే ట్రాక్ సగం పడిపోయింది కాబట్టి దాన్ని అంచుకు జరపడం కుదరలేదు. ఫౌంటెన్ మాత్రం ఆగింది, వల వచ్చింది. వాలీబాల్ కోర్టు కొంచెం ఇరుకుగానే ఉంది. మూడు నెలలు ముందు వెళ్లుంటే అది పూర్తి కొలతలతో వచ్చేది.

ఆడపిల్లల గురించి విడిగా అడగండి. మేము మొదట ఆలోచించలేదు. వేళలు పెట్టిన మొదటి నెలలో మైదానమంతా మగపిల్లలే. ఆడపిల్లలు బెంచీల మీద కూర్చుని చూసేవాళ్లు. షటిల్ కోసం ఒక మూల గీతలు గీసి, ఇది వాళ్లదని చెప్పాకే వచ్చారు. ఇప్పుడు త్రోబాల్ కూడా ఆడుతున్నారు, నాకు ఆ పార్కులో అన్నింటికంటే సంతోషం అదే. మీ వీధిలో వైకల్యం ఉన్న పిల్లలుంటే, బీచ్ రోడ్డులోని ఆల్ ఎబిలిటీ పార్కును ఒకసారి వాళ్ల తల్లిదండ్రులతో కలిసి చూసి రండి. అలాంటి ఆట పరికరం ఒక్కటైనా మీ డ్రాయింగ్‌లో పెట్టమని అడగొచ్చు.

గేటు తాళం సంగతి కూడా కాగితంలో రాయించండి. ఎన్ని గంటలకు తీస్తారు, ఎవరు తీస్తారు, సెలవుల్లో ఎలా. మా పార్కుకు మధ్యాహ్నం తాళం వేసేవారు, సాయంత్రం తీయాల్సిన వాచ్‌మన్ ఐదున్నరకు వచ్చేవాడు. పిల్లలు గ్రిల్ ఎక్కి దూకేవాళ్లు, ఒకడికి తొడ చీరుకుపోయింది. తాళంచెవి ఎదురింటి వదినగారి దగ్గర కూడా ఒకటి ఉంచాక ఆ బాధ తప్పింది. నిర్వహణను కాలనీ అసోసియేషన్‌కు అప్పగించే ఆలోచన ఉంటే, పిల్లల వేళలు ఆ ఒప్పందంలోనే ఉండాలి. నోటిమాట మీద వదిలేస్తే కార్యవర్గం మారగానే వేళలూ మారిపోతాయి.

ఇది ఒకసారి సాధిస్తే ఎప్పటికీ ఉంటుందని కూడా అనుకోవద్దు. 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో పార్కు మూసేశారు. మళ్లీ తెరిచాక వేళల బోర్డు కనిపించలేదు, కొత్తగా అద్దెకు వచ్చినవాళ్లకు పాత ఒప్పందం తెలియదు, మళ్లీ అవే అరుపులు. ఫైల్లో కాగితం ఉంది కాబట్టి వారంలో బోర్డు తిరిగి పెట్టించాం.

పార్కు వద్దంటున్నామని అనుకుంటారేమో అన్న మీ భయానికి నేను చేసింది చెబుతాను. నడిచేవాళ్ల దగ్గరికే ముందు వెళ్లాను. పొద్దున్నే, వాళ్ల వేళలోనే, వాళ్లతో పాటు నాలుగు రౌండ్లు నడిచాను. చాలామందికి మనవలున్నారు, ఆ మనవలే హైవే దాటుతున్నారని తెలియదు. వాళ్లకు కావాల్సింది దెబ్బ తగలకుండా నడవడం, రాత్రి పదింటి దాకా సాగే కేకలు లేకపోవడం. ఆ రెండూ మన కాగితంలో మొదటి రెండు వాక్యాలుగా రాయండి, పిల్లల వేళలు ఆ తర్వాత. సంతకాల కోసం వెళ్లినప్పుడు రెండో పేజీ కూడా చదివి వినిపించండి.

మీ స్థలంలో పని ఇంకా మొదలవలేదని రాశారు కాబట్టి మాకంటే మీకు వీలు ఎక్కువ. ఈ సోమవారమే అర్జీ ఇవ్వండి, సమాచార హక్కు దరఖాస్తు అదే రోజు వేయండి. లేఅవుట్ నకలు చేతికొచ్చాక మీ స్థలం మీద ఏమని రాసి ఉందో ఇక్కడ చెప్పండి. పార్కు అనా, ఆటస్థలం అనా, ఖాళీ స్థలం అనా అన్నదాన్ని బట్టి తర్వాత ఇచ్చే అర్జీలో మాటలు మారతాయి. అది రాయడానికి నేను సాయం చేస్తాను.