బాస్ గిటార్‌కి ఏ ఫ్లాట్స్ తీగలు వేయాలి, అన్నగారూ?

ప్రశ్న: అన్నగారూ, ఆరేళ్లుగా బాస్ గిటార్ వాయిస్తున్నాను. నాది ప్రెసిషన్ రకం, నాలుగు తీగలది. ఇన్నాళ్లూ మామూలు రౌండ్‌వౌండ్ తీగలే వాడాను. వేలు జరిపినప్పుడల్లా కీచుమనే చప్పుడు రికార్డింగులో పడుతోంది. అందుకే నున్నగా ఉండే ఫ్లాట్‌వౌండ్ తీగలకి, అదే ఫ్లాట్స్‌కి, మారదామనుకుంటున్నాను. థోమాస్టిక్, లా బెల్లా, క్రోమ్స్, రోటోసౌండ్... ఎవరిని అడిగినా తాము వేసుకున్నదే గొప్ప అంటున్నారు. ఇవి ఖరీదైనవి, ఒక్క సెట్టే కొనగలను. వీటిలో ఏది మంచిది?

జవాబు: తమ్ముడూ, ఒక్క సెట్టే కొనగలనన్నావు కాబట్టి ముందు ఖర్చులేని పని ఒకటి చెబుతాను. గిన్నెలు తోమే స్పాంజి కొత్తది తీసుకో. వేలెడు వెడల్పు ముక్క కోసి, బ్రిడ్జి (కింది చివర తీగలు ఆనే లోహపు భాగం) దగ్గర నాలుగు తీగల కిందా ఆనేలా దూర్చు. టోన్ నాబ్ సగానికి తగ్గించు. ఒక వారం అలాగే వాయించు. అచ్చంగా ఫ్లాట్స్ శబ్దం రాదు, స్పాంజి స్వరాన్ని మరీ తొందరగా మింగేస్తుంది. కానీ బాస్ మెరుపు, అంటే శబ్దంలోని పదును, తగ్గించుకుని డ్రమ్స్ పక్కన నడవడం నీకు నచ్చుతుందో లేదో తేలిపోతుంది. వారం తిరక్కుండానే స్పాంజి పీకి పారేశావనుకో, నీకు కావాల్సింది ఫ్లాట్స్ కాదు, వేలు ఎత్తి జరిపే అలవాటు.

నచ్చిందంటే ఇక తీగల సంగతి. ఫ్లాట్స్ అనగానే అందరూ శబ్దం గురించే మాట్లాడతారు. నేను మాత్రం ముందు టెన్షన్, అంటే తీగ బిగువు, చూడమంటాను. శబ్దాన్ని ఆంప్ (యాంప్లిఫయర్) దగ్గర కొంత సర్దుకోవచ్చు. వేలి కింద తీగ బిర్రుగా ఉంటే దాన్ని తగ్గించే నాబ్ ఎక్కడా లేదు.

ఈ తేడా తీగ తయారీలోనే ఉంది. రెండింటికీ లోపల ఉక్కు తీగ ఉంటుంది, దాని మీద ఇంకో తీగ చుడతారు. రౌండ్‌వౌండ్‌లో ఆ పైతీగ గుండ్రంగా ఉంటుంది కాబట్టి చుట్టుకీ చుట్టుకీ మధ్య సన్నటి గాడి పడుతుంది. నీ వేలు ఆ గాడుల మీద రాసుకుంటేనే కీచుమనేది. ఫ్లాట్‌లో పైన చుట్టేది రిబ్బన్ లాంటి పల్చటి పట్టీ. చుట్లు ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి, గాడి ఉండదు, ఆ చోటంతా లోహమే. అందుకే అదే మందంలో ఫ్లాట్ తీగ సాధారణంగా బరువుగా, బిరుసుగా ఉంటుంది. బరువైన తీగని అదే శ్రుతికి తేవాలంటే ఎక్కువ లాగాలి.

ఇక నువ్వు రాసిన పేర్లు. థోమాస్టిక్-ఇన్‌ఫెల్డ్ వాళ్ల జాజ్ ఫ్లాట్స్ వియన్నా సరుకు. మందాలు 43, 56, 70, 100, అంగుళంలో వెయ్యో వంతుల లెక్క. ఇప్పుడు చెప్పిన బిరుసు వీటికి వర్తించదు. ఫ్లాట్స్‌లో ఇంత మెత్తగా వంగేవి అరుదు. స్వరం కూడా చివరిదాకా పలుకుతుంది. అయితే గట్టిగా లాగి వాయించే చేతికి ఇవి మరీ వదులు, తీగ ఊగిపోయి ఫ్రెట్లకి (నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు కడ్డీలకి) తగులుతుంది. నాది తేలిక చెయ్యి. పదకొండేళ్లుగా నా బాస్ మీద ఉన్నవి ఇవే, అంటే ఒకటే సెట్టు. నా మాటలో ఆ పక్షపాతం ఉంటుందని గుర్తుపెట్టుకో.

లా బెల్లా అనగానే జేమ్స్ జేమర్సన్ పేరు రాక మానదు. అమెరికాలోని మోటౌన్ రికార్డు కంపెనీ పాటల్లో వినిపించే ఆ బాస్ చాలావరకు ఆయనదే. 1962 నాటి ఫెండర్ ప్రెసిషన్, 52 నుంచి 110 మందం ఉన్న లా బెల్లా ఫ్లాట్స్, బ్రిడ్జి మూత కింద ఫోమ్ ముక్క, తీగలు మీటడానికి ఒక్క చూపుడు వేలు. తీగలు తెగితే తప్ప మార్చేవాడు కాదంటారు. ఇది విని నేనూ కుర్రతనంలో అంత మందం సెట్టు ఒకటి ఎక్కించాను. మర్నాటికి నెక్ ముందుకు వంగింది, తీగలు ఫ్రెట్ల నుంచి లేచిపోయాయి. మూడు గంటల రిహార్సల్ అయ్యేసరికి ఎడమ చిటికెన వేలు ముడుచుకోలేదు. తీగల తప్పేం లేదు. ఆయన వేళ్లు ఆయనవి, నావి నావి. లా బెల్లాలోనే 45–105, 43–104 సెట్లు కూడా ఉన్నాయి, ఆ కంపెనీ మీద మనసుంటే వాటిని చూడు.

డడారియో క్రోమ్స్‌లో ఎక్కువమంది వేసుకునేది 45–100. కొత్తలో ఇవి ఫ్లాట్సేనా అనిపించేంత మెరుపు ఉంటుంది, కొన్ని వారాల వాయింపుకి దిగుతుంది. లాగుడు గట్టిదే. రౌండ్‌వౌండ్ నుంచి వచ్చేవాళ్లు చెవికి తక్కువ కంగారు పడేది వీటితోనే. రోటోసౌండ్ వాళ్లవి మోనెల్ (నికెల్, రాగి కలిపిన లోహం) పట్టీతో చుట్టినవి, ఇవీ బిర్రైనవే. ఫ్లాట్స్ అంటే నెమ్మది పాటలకే అని ఎవరైనా అంటే స్టీవ్ హారిస్‌ని వినమను. ఐరన్ మెయిడెన్ అనే హెవీ మెటల్ బ్యాండ్‌లో గుర్రం దౌడులా సాగే ఆ బాస్ రోటోసౌండ్ ఫ్లాట్స్ మీదిదే, 50 నుంచి 110 మందం. మరో పక్క రౌండ్‌వౌండ్‌ని 1960లలో రాక్ బాసిస్టులకు అలవాటు చేసిందీ ఆ కంపెనీయే!

నీ చెయ్యి బరువైనదైతే క్రోమ్స్, తేలికైతే థోమాస్టిక్. మీటినప్పుడు బొటనవేలు పికప్ (తీగల కింద శబ్దాన్ని పట్టే భాగం) మీద ఎంత గట్టిగా ఆనుతుందో చూసుకో. పాట అయ్యాక అక్కడ గుంత పడుతుంటే నీది బరువు చెయ్యే.

ఎక్కించేటప్పుడు ఒక జాగ్రత్త. పొడవు ఎక్కువైందని తీగని నేరుగా కత్తిరించకు. నేను చేసిన వెధవ పని అదే. కొత్త E తీగని, అంటే అన్నింట్లో లావుదాన్ని, కట్టర్‌తో టక్కున కోశాను. కోసిన చోట పట్టీ వెంట్రుక వాసి విప్పుకుంది, పట్టించుకోలేదు. మర్నాడు మీటితే E స్వరం రాలేదు, దుప్పటి మీద కొట్టినట్టు "దబ్" అంది. చుట్టు లోపల్లోపలే వదులైపోయిందన్నమాట, కొత్త తీగ చెత్తబుట్టకి. కోయబోయే చోటుకి కాస్త ముందు తీగని పటకారుతో లంబంగా వంచి, ఆ వంపు అవతల కోయాలి. అప్పుడు పట్టీ కదలదు. తీగలు ఒక్కొక్కటిగా మార్చు. ఒక రోజు ఆగి నెక్ చూడు, వంగితే ట్రస్ రాడ్‌ని (నెక్ లోపల వంపు సరిచేసే కడ్డీని) పావు చుట్టు తిప్పి మళ్లీ ఆగు. చివర్న పన్నెండో ఫ్రెట్ దగ్గర శ్రుతి సరిచూసుకో. మొదటి వారంలో మాత్రం తీర్పు చెప్పొద్దు.

ప్రశ్న: నా ఫ్లాట్స్‌కి రెండేళ్లు. మొదట్లో ఉన్న మెరుపు పోయింది. రౌండ్‌వౌండ్ తీగల్ని మరిగించినట్టు వీటినీ నీళ్లలో మరిగిస్తే తిరిగొస్తుందా?

జవాబు: వద్దమ్మా. రౌండ్‌వౌండ్‌ని మరిగిస్తే గాడుల్లో చేరిన జిడ్డు వదులుతుంది, కొన్నాళ్లు పలుకుతుంది. ఫ్లాట్స్‌లో ఆ గాడులే లేవు. పట్టీ కిందకి నీళ్లు చేరితే ఆరవు, లోపల తుప్పు మొదలవుతుంది. వాయించాక పొడిగుడ్డతో తుడవండి చాలు. అయినా ఆ మెరుపు పోవడం కోసమే చాలామంది నెలలు ఎదురుచూస్తారు. పన్నెండో ఫ్రెట్ దగ్గర హార్మోనిక్ (తీగని నొక్కకుండా తాకి మీటితే వచ్చే స్వరం), నొక్కిన స్వరం ఎంత సరిచేసినా కలవడం లేదంటేనే మార్చండి.

ప్రశ్న: ఫ్రెట్‌లెస్ (ఫ్రెట్లు లేని) బాస్‌కి ఫ్లాట్స్ తప్పనిసరా?

జవాబు: కాదు. ఫ్రెట్‌లెస్ బాస్‌కి పేరుపడ్డ జాకో పాస్టోరియస్ రౌండ్‌వౌండ్‌లే వాడాడు, కాకపోతే చెక్క అరిగిపోకుండా ఫింగర్‌బోర్డుకి (వేళ్లతో నొక్కే పలకకి) గట్టిపడే ఎపాక్సీ జిగురు పూత పూశాడు. మీది పూత లేని రోజ్‌వుడ్ అయితే రౌండ్‌వౌండ్ గీతలు పెడుతుంది, ఫ్లాట్స్ వేసుకోండి.