మిరప తొడిమలు తీసే పరికరం: పేటెంట్ ఎవరి పేరిట?

గుంటూరులో మీ అత్తగారు మిరపకాయల తొడిమలు తీసే పరికరం తయారుచేశారు, ఆమె చదువుకోలేదు కాబట్టి మామగారి పేరిట పేటెంట్ అడగాలా అని మీరు అడిగారు. వద్దండీ! చట్టం డిగ్రీ అడగదు. ఆవిష్కర్తగా ఆమె పేరే ఉండాలి. జర్మనీలో మెలిట్టా బెంట్జ్ అనే గృహిణి, కొడుకు నోటుబుక్కులోని అద్దుడు కాగితంతో కాఫీ వడపోత తయారుచేసి 1908లో తన పేరిటే హక్కు నమోదు చేయించుకున్నారు.

పరికరం వీడియో మాత్రం ఇప్పుడే నెట్‌లో పెట్టకండి, పేటెంట్‌కు కావలసిన కొత్తదనం పోతుంది. ముందు తాత్కాలిక వివరణతో (ఆవిష్కరణను క్లుప్తంగా చెప్పే తొలి పత్రం) చెన్నై పేటెంట్ కార్యాలయానికి ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేయండి. పూర్తి వివరణకు 12 నెలల గడువు ఉంటుంది. అందులో పరికరానికున్న పళ్ల మధ్య ఎడం, కాయ చిట్లకుండా తొడిమ ఒక్కటే ఊడే తీరు బొమ్మలతో సహా రాయండి. అసలు బలం అక్కడే ఉంది. దరఖాస్తుదారు మహిళ అయితే అదనపు రుసుముతో త్వరిత పరిశీలన కోరవచ్చు. 2019 నుంచి ఈ వీలుంది.