ఏఈఓ ఉన్నా కంటైనర్ ఎందుకు ఆపారు? ముందు మీ నంబర్ అక్కడిదాకా చేరిందో లేదో చూడండి

"మాకు ఏఈఓ ఉంది, కొనేవాళ్ల దేశంతో ఎంఆర్ఏ కూడా ఉంది. అయినా కంటైనర్‌ను తనిఖీకి లాగారు. మరి ఈ సర్టిఫికెట్ ఎందుకు?" అని ఒక ఎగుమతిదారు అడిగారు. ఏఈఓ అంటే నమ్మదగిన వ్యాపారి అని కస్టమ్స్ ఇచ్చే హోదా, ఎంఆర్ఏ అంటే ఆ హోదాను రెండు దేశాలు పరస్పరం గుర్తించే ఒప్పందం. ఎగుమతి డాక్యుమెంట్లు చూసే ఉద్యోగం నాది. సర్టిఫికెట్ వచ్చిన కొత్తలో మావి వరుసగా మూడు కంటైనర్లు అలాగే ఆగాయి.

చివరికి అవతలి కస్టమ్స్ బ్రోకర్‌ను అడిగి దిగుమతి డిక్లరేషన్ కాపీ తెప్పించుకున్నాను. అందులో మా ఏఈఓ నంబరే లేదు! మాకు ఆ హోదా ఉందని ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఆ డిక్లరేషన్ వేసేది మనం కాదు, కొనేవాళ్ల బ్రోకర్. ఆయన నంబర్ వేయకపోతే ఏ కంటైనర్‌ను తనిఖీ చేయాలో ఎంచే అక్కడి రిస్క్ సిస్టమ్‌కు మనం ఊరూపేరూ తెలియని వ్యాపారులమే.

నంబర్ పంపాక కూడా ఇంకో కంటైనర్ ఆగింది. సర్టిఫికెట్టూ ఇన్వాయిస్సూ పక్కపక్కన పెట్టి చూస్తే, ఒకదాంట్లో "ప్రైవేట్ లిమిటెడ్" అని పూర్తిగా, రెండోదాంట్లో పొడి అక్షరాల్లో ఉంది. చిరునామా కూడా పాతది. అమెరికాకు పంపేవాళ్లు దీన్ని అస్సలు తేలిగ్గా తీసుకోవద్దు. అక్కడ తయారీదారును గుర్తుపట్టే ఎంఐడీ కోడ్ పేరు, చిరునామాల నుంచే పుడుతుంది.

మీ సర్టిఫికెట్ ఏ రకమో కూడా చూసుకోండి. ఎంఆర్ఏ అంటే ఒక దేశం చేసిన భద్రతా పరిశీలనను ఇంకో దేశం నమ్మడం. అందుకే యూరోపియన్ యూనియన్ ఒప్పందాల్లో ఏఈఓఎస్‌కు (భద్రత చూసి ఇచ్చే రకం) గుర్తింపు ఉంటుంది, ఒక్క ఏఈఓసీ (కస్టమ్స్ పనులు సులభం చేసే రకం) మాత్రమే ఉంటే చెల్లదు. ప్రపంచ కస్టమ్స్ సంస్థ 2005లో తెచ్చిన సేఫ్ ఫ్రేమ్‌వర్క్ (సరకు రవాణా భద్రతా ప్రమాణాలు) ఉద్దేశం కూడా ఇలా ఒకరి పరిశీలనను ఇంకొకరు నమ్మడమే. 2007లో అమెరికా, న్యూజిలాండ్ ఇలాంటి మొదటి ఒప్పందం చేసుకున్నాయి.

అన్నీ సరిగ్గా ఉన్నా తనిఖీలు తగ్గుతాయి గానీ పూర్తిగా పోవు. ర్యాండమ్‌గా తీసే కంటైనర్లు ఉంటాయి, క్వారంటైన్ వాళ్ల పని వాళ్లదే. సుంకం ఒక్క పైసా తగ్గదు. ఈ మాట మీ యాజమాన్యానికి ముందే చెప్పండి, తర్వాత మాట పడాల్సిన పని ఉండదు.

నేనిప్పుడు ఓడ బయల్దేరకముందే సర్టిఫికెట్ స్కాన్‌ను అవతలి బ్రోకర్‌కు మెయిల్ చేసి, డ్రాఫ్ట్ డిక్లరేషన్ అడుగుతాను. మా నంబర్ ఉన్న గడి నా కళ్లతో చూశాకే ఆ ఫైల్ పక్కన పెడతాను.