కోట గోడ పక్కన ఇల్లు: దురుస్తీయా, కొత్త కట్టడమా?

ప్రశ్న: మాది మహారాష్ట్రలోని చంద్రపూర్. తాత తెలంగాణ నుంచి బొగ్గు గనుల్లో పనికి వచ్చి, కోట ద్వారమైన జట్‌పురా దర్వాజా దగ్గర పెంకుటిల్లు కట్టుకున్నాడు. పోయిన వానలకు వెనక గోడ కూలింది. అమ్మకు పక్షవాతం, చెల్లి పెళ్లి దగ్గరపడింది. అప్పు చేసి పిల్లర్లు లేపాం, పై అంతస్తు కోసం ఊచలు వదిలాం. పురావస్తు శాఖ వాళ్లు పంచనామా రాసుకుని నోటీసు ఇచ్చారు. చదవకుండానే సంతకం పెట్టాను. దర్వాజా నుంచి టేపుతో కొలిస్తే 130 మీటర్లుంది. చుట్టుపక్కల అందరూ మేడలు కట్టారు. ఇల్లు పాతదని చూపడానికి 1990 నాటి స్టాంపు పేపరు మీద ఒప్పందం రాయిస్తే చాలని, మూడేళ్లు గడిస్తే కేసే ఉండదని మేస్త్రీ అంటున్నాడు. ఏం చేయాలి?

జవాబు: కొలత దర్వాజా నుంచి ఎందుకు మొదలుపెట్టారు? రక్షిత కట్టడమంటే ఒక్క దర్వాజానే కాదు, కోట గోడ కూడా. ఆ గోడ మీ పెరటి వెనకే ఉందని మీరు పంపిన ఫొటోలోనే కనిపిస్తోంది. రక్షిత హద్దు నుంచి 100 మీటర్లు నిషిద్ధ ప్రాంతం. ఆపైన 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం, అక్కడైతే అనుమతితో కట్టుకోవచ్చు. మీరున్నది మొదటి దాంట్లో. పురాతన కట్టడాల రక్షణకు చేసిన 1958 చట్టానికి 2010లో వచ్చిన సవరణ తర్వాత అక్కడ కొత్త కట్టడానికి ఎవరూ అనుమతి ఇవ్వలేరు. మున్సిపాలిటీ ప్లాన్ పాస్ చేసినా అది చెల్లదు.

ఇల్లు 1992 జూన్ 16కు ముందే ఉంటే మాత్రం మరమ్మతుకు దరఖాస్తు చేసుకునే హక్కుంది. మీ కేసు తేలేది ఇక్కడే. పంచనామాలో రాసింది ‘దురుస్తీ’ (మరమ్మతు) అనా, ‘నవీన్ బాంధకామ్’ (కొత్త కట్టడం) అనా? పాత గోడల హద్దులో, పాత ఎత్తులో బాగుచేసుకుంటే మరమ్మతు. పై అంతస్తు కొత్త కట్టడం. ఉన్నదంతా పడగొట్టి అదే కొలతతో మళ్లీ లేపితే అది పునర్నిర్మాణం, దాన్ని మరమ్మతుగా చట్టం ఒప్పుకోదు. కాబట్టి మిగిలిన మూడు గోడల మీద గునపం పడనివ్వకండి. అవే మీ సాక్ష్యం. చదవకుండా సంతకం పెట్టడం ఎంత నిర్లక్ష్యమో ఇప్పటికైనా తెలిసిందా?

మేస్త్రీ చెప్పిన పని చేస్తే ఇంటితోపాటు మీరూ పోతారు. స్టాంపు పేపరు వెనక అమ్మినవాడి ముద్ర, నంబరు, తేదీ ఉంటాయి. అమ్మినవాడి రిజిస్టరు తీస్తే గుట్టు బయటపడుతుంది. ఇప్పుడు నిషిద్ధ ప్రాంతంలో కట్టినందుకు రెండేళ్ల వరకు జైలు, లక్ష వరకు జరిమానా, లేదా రెండూ. దొంగ కాగితం పెడితే ఆపైన ఫోర్జరీ కేసు కూడా. మూడేళ్ల గడువు క్రిమినల్ కేసుకే. కట్టడం తీసేయమనే ఆర్డరును అది ఆపదు. పక్కవాళ్ల మేడల సంగతి కోర్టులో ఎత్తకండి. ఒకడి తప్పు చూపించి మరొకడు హక్కు అడగలేడు.

అసలైన రుజువులు సంపాదించండి. 1992కు ముందరి ఇంటి పన్ను పావతీలు (రశీదులు), కరెంటు బిల్లు, సిటీ సర్వే ఆఫీసు నుంచి ఆఖీవ్ పత్రిక (ఆస్తి కార్డు) నకలు. చంద్రపూర్ 2011లో కార్పొరేషన్ అయింది, పాత పావతీలు నగర్ పరిషత్ పేరుతో ఉంటాయి. పన్ను రికార్డు తాత పేరున ఉంటే వారసత్వ కాగితం జతచేయండి. పంచనామా నకలు అడిగి తీసుకోండి. అందులో తప్పుంటే నోటీసుకిచ్చే జవాబులోనే ఆక్షేపణ రాయండి, తర్వాత చెబితే ఎవరూ వినరు.

నోటీసు తేదీ నాకు రాయనే లేదు. గడువు దాని మీద ఉంటుంది, ఈ రోజే చూడండి. పని ఆపేసి, ఆపినట్టు జవాబులో రాసి, రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. ఇంజనీరుతో పాత ఇంటి కొలతల నక్షా గీయించి, మరమ్మతుకు సమర్థ అధికారికి (ఈ చట్టం కింద ఇలాంటి దరఖాస్తులు చూసే అధికారి) దరఖాస్తు పెట్టండి. ఈలోగా కూల్చివేత ఆర్డరు వస్తే బాంబే హైకోర్టు నాగ్‌పూర్ బెంచ్‌లో రిట్ పిటిషన్ వేయొచ్చు. రిట్‌కు లిమిటేషన్ (వేయాల్సిన గడువు) లేదని నెలలు గడపకండి, ఆలస్యమెందుకైందని మొదట అడిగేది జడ్జే.

పైకి వదిలిన ఊచలు ఫొటో తీసి, కోయించి, కోసిన తర్వాతి ఫొటో కూడా జవాబుకు జతచేయండి.