తిరిగొచ్చిన కంచం ఏం చెబుతోంది?

పెద్దవాళ్లను చూసుకునే హోముల్లో వంట, వడ్డన పనులు చేసేవాళ్ల నుంచి ఈమధ్య ఉత్తరాలు ఎక్కువగా వస్తున్నాయి. నేను కూడా తిరుపతిలో అలాంటి ఒక చోట వంటగదిలో పదకొండేళ్లు చేశాను కాబట్టి ఈసారి పేజీ మొత్తం వాటికే.

ప్రశ్న: మాది పుంగనూరు దగ్గర పల్లె. మూడు నెలలుగా రేణిగుంట రోడ్డు వైపు ఒక హోములో వడ్డన పని చేస్తున్నాను. 38 మంది పెద్దవాళ్లు ఉంటారు. అందులో ఒక తాత రోజూ రెండు ముద్దలు తిని కంచం పక్కకు నెట్టేస్తాడు. అడిగితే ‘ఆకలి లేదు పాపా’ అంటాడు. మిగతావాళ్లు ‘వయసైపోయింది, అంతే తింటారు, నువ్వు టెన్షన్ పడొద్దు’ అంటున్నారు. ఆ అన్నం పారబోయడానికి నాకు చెయ్యి రావట్లేదు. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: పారబోసే ముందు ఆ కంచాన్ని ఒక్క నిమిషం చూడండమ్మా. ఏం మిగిలింది, ఎక్కడ మిగిలింది, ఎలా మిగిలింది. కూరముక్కలు నమిలి నమిలి పక్కన తీసిపెట్టి ఉంటే పళ్ల సెట్టు వదులైందేమో, చిగుళ్లు ఒరుసుకుంటున్నాయేమో. పులుసు, కారం మాత్రమే వదిలేస్తే నోట్లో పుండు ఉందేమో. కంచం చుట్టూ మెతుకులు పడి ఉంటే చెయ్యి వణుకుతున్నట్టు, నలుగురిలో పడేసుకుంటున్నానని సిగ్గుపడి తినడం ఆపేసినట్టు. అన్నం ఎప్పుడూ ఒకే వైపు మిగిలి ఉంటే ఆ వైపు ఉన్నది ఆయనకు తెలియడం లేదేమో, పక్షవాతం వచ్చిన కొందరికి ఇలా అవుతుంది, కంచాన్ని అటుది ఇటు తిప్పి పెడితే మిగతా సగం కూడా తినేస్తారు. వీటిలో ఏది ఉన్నా వాళ్ల నోటి నుంచి వచ్చే మాట ఒక్కటే, ‘ఆకలి లేదు’.

మా దగ్గర ఒక అవ్వ ఉండేది. సంగటి పెట్టిన రోజు ముద్ద మొత్తం తినేది, పెరుగన్నం పెడితే నాలుగు వేళ్లు పెట్టి సగంలోనే లేచేది. పల్లెటూరి అవ్వ కదా, సంగటే ఇష్టం అని అందరమూ అనుకున్నాం, నేనూ అనుకున్నాను, దాదాపు రెండు నెలలు అలాగే గడిచిపోయాయి. ఒకరోజు ఎవరిదో తద్దినమని అరిటాకులు తెచ్చారు, ఆకు ముక్క మీద అదే పెరుగన్నం పెడితే అవ్వ వేలితో ఆకును తుడిచి మరీ తినింది. అప్పుడు తెలిసింది. మా కంచాలు తెల్ల ప్లాస్టిక్‌వి, అవ్వకు రెండు కళ్లలో శుక్లాలు, తెల్ల కంచంలో తెల్లన్నం ఆమెకు కనిపించేదే కాదు. సంగటి నల్లగా ఉంటుంది కాబట్టి కనిపించేది. మరుసటి రోజు నుంచి ఆమెకు ముదురు ఆకుపచ్చ కంచం పెట్టాం. ఆ రెండు నెలలు నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది, రోజూ ఆ కంచం ఎత్తింది నేనే కదా.

మీ తాత విషయంలో కూడా ఇలా ఏదో ఒకటి ఉండొచ్చు. మలబద్ధకం ఉన్నవాళ్లు తినరు, అది ఆడపిల్ల అడిగితే చెప్పరు, మగ అటెండర్‌తో అడిగించండి. కొన్ని మందులకు నోరు చేదవుతుంది, షుగర్‌కు వాడే మెట్‌ఫార్మిన్‌తో కొందరికి నోట్లో ఇనుము రుచి తగులుతుంది. పక్క మంచం ఆయన చనిపోయాక తినడం మానేసిన తాతలనూ చూశాను, అలాంటప్పుడు కూర మార్చి లాభం లేదు, పక్కన ఒకరు కూర్చోవాలి.

మీరు చేయగలిగిన ముఖ్యమైన పని, రాసి పెట్టడం. ఒక నోటుబుక్కులో పూట పూటకీ తిన్నది ముప్పావా, సగమా, పావా అని రాస్తే చాలు, గ్రాములు అక్కర్లేదు. నెలకోసారి బరువు చూడమని నర్సును అడగండి. నెలలో బరువు నూటికి 5 వంతులు తగ్గితే, అంటే 50 కిలోల మనిషి రెండున్నర కిలోలు తగ్గితే, డాక్టరుకు చెప్పి తీరాలి. ఆరు నెలల్లో అయితే నూటికి పది. ‘తాత తినట్లేదు సార్’ అంటే ఎవరూ పట్టించుకోకపోవచ్చు, ‘వారం రోజులుగా పావు కంచమే, ఇదిగో రాశాను’ అంటే తప్పకుండా చూస్తారు.

ఇంకొకటి, కంచం నిండా వడ్డించొద్దు. పెద్ద కుప్ప చూస్తేనే కొందరికి తినాలన్న మనసే పోతుంది. రెండు గరిటెలు పెట్టండి, అందులోనే ఒక చెంచా నెయ్యి, చెనక్కాయల పొడి, వీలైతే మెత్తగా చిదిమిన గుడ్డు. వీటిలో ఏది ఆయనకు పడుతుందో ముందు నర్సును కనుక్కోండి. మళ్లీ సాయంత్రం నాలుగింటికి ఏదో ఒకటి కొంచెం పెట్టండి.

ప్రశ్న: పక్షవాతం వచ్చిన ఇద్దరికి పలచటివి ఇవ్వొద్దని, చిక్కగానే ఇవ్వాలని కొత్తగా వచ్చిన నర్సు చెబుతోంది. మేమేమో రసం, మజ్జిగ, నీళ్లే తేలిగ్గా దిగుతాయని ఇన్నాళ్లూ అవే ఇచ్చాం. ఎవరిది కరెక్ట్? అన్నం, పప్పు, కూర అన్నీ కలిపి మిక్సీ పట్టి పెట్టొచ్చా?
– ఇద్దరు వంటవాళ్లు, చిత్తూరు

జవాబు: నర్సు చెప్పిందే కరెక్ట్. పలచటి నీళ్లు గొంతులోకి వేగంగా జారిపోతాయి, పక్షవాతం వచ్చిన గొంతు అంత వేగంగా ఊపిరిగొట్టాన్ని మూయలేదు, దాంతో నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. అలా పోయినవాటితో న్యుమోనియా రావచ్చు. చిక్కటిది నెమ్మదిగా దిగుతుంది కాబట్టి గొంతుకు సర్దుకునే టైమ్ దొరుకుతుంది. తాగాక దగ్గు రావడం, మాట తడితడిగా, గరగరమంటూ రావడం, కళ్లలో నీళ్లు తిరగడం, ఇవి కనిపిస్తే ఆపేసి నర్సును పిలవండి. కొందరికి దగ్గు కూడా రాదు, అందుకే మాటి మాటికీ జ్వరం వచ్చేవాళ్ల మీద కూడా కన్నేసి ఉంచాలి.

ఎంత చిక్కగా అనేది మీరు, నేను నిర్ణయించేది కాదు. డాక్టరో, మింగడం పరీక్షించే స్పీచ్ థెరపిస్టో చెప్పాలి. దీనికి ప్రపంచమంతా వాడే ఐడీడీఎస్ఐ అనే కొలత ఉంది, 0 నుంచి 7 వరకు మెట్లు. 0 అంటే మామూలు నీళ్లు, 4 అంటే మెత్తటి ముద్ద, 7 అంటే మనమంతా తినే తిండి. పానీయాలకైతే 10 మి.లీ. సిరంజిలో నింపి పది సెకన్లు కారనిచ్చి లోపల ఎంత మిగిలిందో చూస్తారు. ముద్దకైతే చెంచా చాలు, చెంచాలో దాని ఆకారం నిలబడాలి, చెంచాను పక్కకు వంచితే ముద్ద ఒక్కసారిగా జారిపోవాలి, పట్టుకుని వేలాడకూడదు. వంటగదిలో నేను రోజూ చేసిన పరీక్ష ఇదే.

మన వంటల్లో జాగ్రత్త పడాల్సినవి రెండు మూడు ఉన్నాయి. సంగటి ముద్దను మనవైపు నమలకుండా మింగుతారు, చిన్నప్పటి నుంచి ఉన్న అలవాటు, అందుకే మింగడం కష్టమైనవాళ్లకు సంగటి అడ్డం పడే ప్రమాదం ఎక్కువ. ఎంత అడిగినా పెట్టొద్దు, రాగిజావ ఇవ్వండి. ఆ జావ కూడా ఏడింటికి ఒక చిక్కదనం, ఏడున్నరకి చల్లారాక ఇంకో చిక్కదనం, కాబట్టి ఇచ్చే ముందే చెంచాతో చూడండి. సాంబారులో వేసిన ఇడ్లీ, రసం పోసిన అన్నం మనకు మెత్తగా అనిపిస్తాయి కానీ నోట్లో నీళ్లు ముందు జారి మెతుకు వెనకబడుతుంది, ఆ రెండు రకాల కలయికే వాళ్లకు కష్టం.

అన్నీ కలిపి మిక్సీ పట్టడం మాత్రం వద్దు, దయచేసి. కలిపేస్తే వచ్చేది ఒక బూడిదరంగు గుజ్జు, అది ఎవరికీ నోట్లో పెట్టుకోబుద్ధి కాదు. అన్నం విడిగా, పప్పు విడిగా, గుమ్మడికాయ విడిగా మెత్తగా చేసి కంచంలో మూడు చోట్ల పెట్టండి. పని పెరుగుతుంది, నిజమే. చలికాలంలో చిక్కుడు జాతి అనపకాయలు వస్తాయి కదా, వాటి గింజల తొక్క పితికి తీసి పితికిపప్పు చేసి మెత్తగా రుబ్బి వడగట్టి పెట్టి చూడండి, నోరు వంకర పోయి మాట రాని ఒక తాత ఆ వాసనకే కళ్లు తెరిచి నా చెయ్యి పట్టుకున్నాడు.

తినిపించేటప్పుడు మనిషిని నిటారుగా కూర్చోబెట్టాలి, తిన్నాక కూడా అరగంట పడుకోబెట్టకూడదు. మీరు నిలబడి తినిపిస్తే వాళ్లు తల ఎత్తాల్సి వస్తుంది, తల ఎత్తితే ఊపిరిగొట్టం తెరుచుకుంటుంది, కాబట్టి ఒక స్టూల్ వేసుకుని ఎదురుగా కూర్చోండి. ఒక చెంచా మింగారని చూశాకే రెండో చెంచా. నిజంగానే గొంతుకు అడ్డం పడి దగ్గలేక, మాట్లాడలేక ఉంటే ముందుకు వంచి భుజాల మధ్య అరచేతి మడమతో ఐదు దెబ్బలు గట్టిగా కొట్టాలి, అప్పటికీ రాకపోతే వెనక నుంచి పట్టుకుని బొడ్డుకు పైన లోపలికీ పైకీ ఐదుసార్లు నొక్కాలి, ఈలోగా ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి. ఇది చదివితే రాదు, మీ నర్సుతో ఒకరోజు చేయించి నేర్చుకోండి.

ప్రశ్న: పెరటాసి నెల (సెప్టెంబరు–అక్టోబరుల్లో వచ్చే తమిళ నెల) వస్తే శనివారాలు మా దగ్గర సగంమంది ఒక్కపొద్దు ఉంటామంటారు. అందులో షుగర్ మాత్రలు వేసుకునేవాళ్లున్నారు. వద్దంటే ‘స్వామికి మొక్కుకున్నా, నువ్వెవరు చెప్పడానికి’ అంటారు. దానికి తోడు చూడ్డానికి వచ్చినవాళ్లంతా కొండ మీద నుంచి లడ్డూలు తెస్తారు.
– ఒక పాఠకురాలు, తిరుచానూరు

జవాబు: వద్దనొద్దు. ఎనభై ఏళ్ల మనిషి చిన్నప్పటి నుంచి చేస్తున్న శనివారాన్ని మనం ఆపలేం, ఆపకూడదు కూడా. కానీ ముందు రోజే, అంటే శుక్రవారం మధ్యాహ్నానికే, ఎవరెవరు ఒక్కపొద్దు ఉంటారో పేర్లు రాసి నర్సు చేతికివ్వండి. గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు, ఇన్సులిన్ వేసుకుని తినకుండా ఉంటే చక్కెర దారుణంగా పడిపోతుంది. ఆ పూట మాత్ర ఆపాలా, తగ్గించాలా అనేది డాక్టరే చెప్పాలి, వంటగదిలో తేల్చే విషయం కాదు. చాలామంది పెద్దవాళ్లు పాలు, పండు తీసుకోవడానికి ఒప్పుకుంటారు, వాటిని మీరే టైముకు అందించండి.

చెమటలు, వణుకు కనిపిస్తే సరే, ముసలివాళ్లకు ఒక్కోసారి అవేమీ ఉండవు, ఊరికే మత్తుగా ఉంటారు, పొంతన లేకుండా మాట్లాడతారు. ‘ఉపవాసం కదా, నీరసం’ అని వదిలేయొద్దు. వెంటనే చక్కెర పరీక్ష చేయించండి. 70 కంటే తక్కువ ఉంటే, స్పృహలో ఉండి బాగా మింగగలిగితే, మూడు చిన్న చెంచాల చక్కెర నీళ్లలో కలిపి ఇచ్చి పదిహేను నిమిషాలకు మళ్లీ చూడాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకూడదు, 108.

లడ్డూ సంగతి. ప్రసాదం కాదనలేం. కానీ అందులో జీడిపప్పు, కలకండ పలుకులు ఉంటాయి, షుగర్ కంటే ముందు గొంతుకు అడ్డం పడే భయం ఉంది. మా దగ్గర ఎవరు తెచ్చినా వంటగదిలో ఇచ్చి వెళ్లమనేవాళ్లం. పలుకులు ఏరేసి, బూందీని వేళ్లతో నలిపి, కళ్లకద్దుకోవడానికి చిటికెడు మాత్రమే చేతికిచ్చేదాన్ని, ప్రసాదం చిటికెడైనా ప్రసాదమే అంటే కాదన్న అవ్వ ఒక్కరూ లేరు. మింగడం కష్టమైనవాళ్లకు అది కూడా నర్సును అడిగాకే. అలాగే బంధువులు తెచ్చే కొబ్బరినీళ్లు కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు మంచివి కావు, వాటిలో పొటాషియం ఎక్కువ. ఎవరికి ఏది కూడదో రాసిన కాగితం ఒకటి వంటగది తలుపు మీద అంటించి పెట్టుకోండి.

ప్రశ్న: ఒక అవ్వ పొద్దున్నే సద్దన్నం కావాలని ఏడుస్తుంది. రాత్రి మిగిలిన అన్నంలో మజ్జిగ పోసి ఇవ్వొచ్చా?
– ఒక పాఠకుడు, శ్రీకాళహస్తి

జవాబు: పెద్ద గిన్నెలో రాత్రంతా బయట ఉన్న అన్నం వద్దు. బయట వదిలేసిన అన్నంలో పెరిగే ఒక రకం బ్యాక్టీరియా విషాన్ని వదులుతుంది, మళ్లీ వేడి చేసినా ఆ విషం పోదు. మనకు రెండు వాంతులతో పోయేది వాళ్లకు ఆసుపత్రి దాకా వెళ్తుంది. పొద్దున వండిన అన్నాన్నే చల్లార్చి, పుల్లమజ్జిగ పోసి, ఉల్లిపాయను ఆమె పళ్లకు తగ్గట్టు సన్నగా తరిగి వెంటనే ఇవ్వండి. మా అవ్వలు చాలామంది దానికే సంతోషపడేవాళ్లు.

ప్రశ్న: తెల్లారి నాలుగున్నరకు వెళ్తాను, మధ్యాహ్నం రెండింటికి వస్తాను. మా వదిన అందరిముందూ ‘మా ఆడపడుచు ముసలోళ్లకు గంజి పోస్తాది’ అంటుంది. ఈ పనిలో ముందుకు పోవడానికి ఏమైనా ఉందా?
– ఒక పాఠకురాలు, రేణిగుంట

జవాబు: ఉంది. ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ‘ఫోస్టాక్’ పేరుతో వంటవాళ్లకు శిక్షణ ఇప్పించి సర్టిఫికెట్ ఇస్తుంది, మీ మేనేజరును అడిగి దానికి వెళ్లండి. వంటగదిలో పనిచేసేవాళ్లకు ఏడాదికోసారి వైద్య పరీక్ష చేయించడం యాజమాన్యం బాధ్యత, దాన్నీ గట్టిగా అడగండి. ఈఎస్ఐ, పీఎఫ్ మీకు వర్తిస్తాయేమో కనుక్కోండి. ఎంత మెత్తటి, ఎంత చిక్కటి తిండి ఎలా చేయాలో, షుగర్, కిడ్నీ, బీపీ కంచాలు ఎలా వేరు చేయాలో నేర్చుకుని ఉంటే రేపు ఏ ఆసుపత్రి డైట్ కిచెన్‌లోనైనా ఆ అనుభవం చెప్పుకోవచ్చు.

మీ వదినను ఒక ఆదివారం మధ్యాహ్నం హోముకు తీసుకెళ్లండి. ఒక అవ్వ పక్కన స్టూల్ వేసి, చెంచా చేతికిచ్చి, ఆ గంజి ఆమెనే పోయమనండి.