వేగం ఒక లెక్క, మన్నిక మరో లెక్క

పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా జోరుగా పరుగెత్తే సెడాన్ల గురించే ఉన్నాయి. అందువల్ల ఇన్సూరెన్స్, మైలేజీ సందేహాలను వచ్చే సంచికకు వాయిదా వేసి, ఈ పేజీలను వాటికే కేటాయిస్తున్నాం.

ప్రశ్న: మేం నలుగురు మిత్రులం. ఆదివారం టీకి కలిసిన ప్రతిసారీ బీఎండబ్ల్యూ ఎం340ఐ గొప్పదా, ఆడి ఎస్5 గొప్పదా, మెర్సిడెస్ ఏఎంజీ సీ43 గొప్పదా అన్న వాదన మొదలవుతుంది. మాలో ఎవరికీ ఈ కార్లు లేవు. మీరే తీర్పు చెప్పండి. – ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: కార్లు లేవు కాబట్టే వాదన ఇన్ని ఆదివారాలు సాగింది. ఉన్నవాళ్లు కలిస్తే సర్వీసు బిల్లుల గురించి తప్ప మాట్లాడుకోరు. కంపెనీలు చెప్పిన అంకెలు చూస్తే, 2021లో మన దేశానికి వచ్చిన ఎం340ఐ 387 హార్స్‌పవర్‌తో 4.4 సెకన్లలోనూ, అదే ఏడాది వచ్చిన ఎస్5 స్పోర్ట్‌బ్యాక్ 354 హార్స్‌పవర్‌తో 4.8 సెకన్లలోనూ, 2023లో వచ్చిన సీ43 408 హార్స్‌పవర్‌తో 4.6 సెకన్లలోనూ నిశ్చల స్థితి నుంచి వంద కిలోమీటర్ల వేగాన్ని అందుకుంటాయి. టార్క్ (చక్రాలను తిప్పే మెలి బలం) మాత్రం మూడింటికీ 500 న్యూటన్ మీటర్లే. సెకనులో సగం కూడా లేని ఆ తేడా డ్రైవరు పాదంలోనూ టైర్ల వేడిలోనూ కలిసిపోయేదే గనుక, దాని మీద తీర్పు చెప్పను.

ఇంజిన్ల మీద మాత్రం చెబుతాను. ఎం340ఐలోది ఆరు సిలిండర్లు ఒకే వరుసలో ఉండే మూడు లీటర్ల బి58 ఇంజిన్. ఈ అమరికలో ఒక పిస్టన్ కదలిక పుట్టించే అదురును మరొకటి సహజంగానే రద్దు చేస్తుంది. అందుకే ఆ నునుపు. ఎస్5లోది ఆరు సిలిండర్లు రెండు వరుసలుగా వీ ఆకారంలో ఉండే వీ6. సీ43లోది రెండు లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజిన్. పొగ ఒత్తిడితో తిరిగి ఇంజిన్‌లోకి గాలిని తోసే దాని టర్బో ఇరుసు మీదే చిన్న ఎలక్ట్రిక్ మోటారును కూర్చి, పొగ ఒత్తిడి అందేలోపే టర్బోను తిప్పే ఏర్పాటు చేశారు. ఇంజినీరింగ్‌గా అద్భుతమే గాని, పదేళ్లు ఉంచుకునే ఉద్దేశం ఉంటే, ఇన్ని హంగులున్న చిన్న ఇంజిన్ కంటే ఏళ్ల వాడుకలో నిగ్గుతేలిన పెద్ద ఇంజిన్‌కే నా ఓటు. కాబట్టి ఎం340ఐ. మిగతా ముగ్గురు ఒప్పుకోకపోతే వచ్చే ఆదివారం కూడా టీ తాగండి.

ప్రశ్న: ఫోక్స్‌వ్యాగన్ వర్టుస్ 1.5 జీటీ, హ్యుందాయ్ వెర్నా టర్బో రెండూ నడిపి చూశాను. రెండింట్లోనూ డ్యూయల్ క్లచ్ ఆటోమేటిక్‌నే అనుకుంటున్నాను. వెర్నా బలమైనదని తమ్ముడు, వర్టుస్ నిలకడైనదని ఆఫీసులో వాళ్లు అంటున్నారు. రోజూ మియాపూర్ నుంచి గచ్చిబౌలికి వెళ్లాలి, నెలకు రెండుసార్లు ఏలూరు వెళ్తాను. ఏది తీసుకోమంటారు? – ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, హైదరాబాద్

జవాబు: మీ తమ్ముడి మాటా నిజమే, ఆఫీసు వాళ్ల మాటా నిజమే. వెర్నాది 160 హార్స్‌పవర్, వర్టుస్‌ది 150. టార్క్ 253, 250 న్యూటన్ మీటర్లు, అంటే దాదాపు సమానం. విజయవాడ రహదారి ఎక్కాక లారీని దాటేటప్పుడు వెర్నా ఒక పిసరు ముందుంటుంది. అదే రోడ్డు మీద వంపుల్లోనూ, వంతెనల అతుకుల దగ్గరా వర్టుస్ నేలను అంటిపెట్టుకుని వెళ్తుంది. ఏలూరు దాకా నాకు స్టీరింగ్ ఇస్తానంటే నేను వర్టుస్ తాళాలే అడుగుతాను.

అయితే మీ కారు జీవితంలో ఎక్కువ భాగం గడిచేది ఏలూరు దారిలో కాదు, మియాపూర్ దారిలో. డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్సులో బేసి గేర్లకు ఒక క్లచ్, సరి గేర్లకు ఒక క్లచ్ ఉంటాయి. ఒకటి పని చేస్తుండగానే రెండోది తర్వాతి గేరును సిద్ధం చేసుకుంటుంది కాబట్టి మార్పు రెప్పపాటులో జరుగుతుంది. మీరు అనుకుంటున్న రెండు కార్లలోనూ ఈ క్లచ్‌లు పొడివి, అంటే వేడిని లాగేసే నూనెలో మునిగి ఉండవు. ముందు కారు మూడడుగులు కదలగానే మీరు బ్రేకు మీద కాలు కాస్త సడలిస్తారు, కారు పాకుతుంది, మళ్లీ బ్రేకు వేస్తారు. ఆ పాకడమంతా, మామూలు గేర్ల కారులో అరక్లచ్ మీద నడపడంతో సమానం. అరక్లచ్ మీద బండి నడిపితే మీ డ్రైవింగ్ స్కూలు మాస్టారు ఏమనేవారో గుర్తు చేసుకోండి. గంటసేపు అలా సాగితే క్లచ్ పలకలు కాగుతాయి, దాన్ని నియంత్రించే మెకట్రానిక్ యూనిట్ కూడా వేడిని భరించాలి.

ఇది ఊహాగానం కాదు. వర్టుస్‌లో వాడుతున్న డీక్యూ200 కుటుంబానికి చెందిన గేర్‌బాక్సుల మీద ఫిర్యాదులు వెల్లువెత్తి, 2013లో ఒక్క చైనాలోనే 3,84,181 కార్లను వెనక్కి పిలిపించారు. తర్వాత ఆ గేర్‌బాక్సును చాలా మెరుగుపరిచారు, ఇప్పటివాటిని పాతవాటితో జమకట్టడం అన్యాయం. అయినా పొడి క్లచ్ పొడి క్లచ్చే. పైగా ఈ గేర్‌బాక్సు తట్టుకోగల టార్క్ 250 న్యూటన్ మీటర్లుగా లెక్కించినది, 1.5 ఇంజిన్ ఇచ్చేదీ సరిగ్గా అంతే. ఈ సంగతి తెలియక కొందరు కుర్రవాళ్లు కొన్న నెలకే బలం పెంచేందుకు ఇంజిన్ కంప్యూటర్ లెక్కలు మార్చే ‘స్టేజ్ 1’ రీమ్యాప్ చేయించి, రెండేళ్లకు గేర్‌బాక్సును తిడుతుంటారు.

కాబట్టి మీకు నా సలహా కాస్త నిరుత్సాహంగా ఉండవచ్చు. క్లచ్ తొక్కడానికి అభ్యంతరం లేకపోతే వర్టుస్ 1.5నే మాన్యువల్ గేర్లతో తీసుకోండి. ఎడమకాలికి విశ్రాంతి తప్పనిసరి అనుకుంటే, అదే కారు 1.0 టర్బో ఇంజిన్‌తో, రాపిడి క్లచ్‌కు బదులు నూనె ద్వారా శక్తిని అందించే టార్క్ కన్వర్టర్ ఆటోమేటిక్‌తో దొరుకుతుంది. 115 హార్స్‌పవరే గాని, ట్రాఫిక్‌లో పాకడానికి పుట్టిన గేర్‌బాక్సు అది. వీటిని కాదని డ్యూయల్ క్లచ్చే కొంటే, ముందు కారుకూ మీకూ మధ్య ఒక కారు పట్టేంత ఖాళీ ఏర్పడ్డాకే ఒక్కసారిగా కదలండి. వెనక హారన్లు మోగుతాయి, మోగనివ్వండి.

ప్రశ్న: పాత కార్ల సంతలో 2013 నాటి బీఎండబ్ల్యూ 328ఐ, 2018లో రిజిస్టరైన స్కోడా ఆక్టావియా ఆర్‌ఎస్ 230 నా బడ్జెట్‌కు దగ్గరగా కనిపిస్తున్నాయి. వెనక చక్రాలకు శక్తి వచ్చే కారు నడపాలన్నది చిన్ననాటి కోరిక. కొనవచ్చా? – ఒక వ్యాపారి, గుంటూరు

జవాబు: రెండింటి టార్క్ 350 న్యూటన్ మీటర్లే, బలం 328ఐకి 245, ఆర్‌ఎస్‌కు 230 హార్స్‌పవర్. గేర్‌బాక్సుల విషయంలో రెంటికీ వంక పెట్టను: 328ఐలోది ఎనిమిది గేర్ల జెడ్ఎఫ్ టార్క్ కన్వర్టర్, ఆర్‌ఎస్‌లోది నూనెలో మునిగి ఉండే తడి క్లచ్‌ల డీఎస్‌జీ (డ్యూయల్ క్లచ్). అరవై వేల కిలోమీటర్లకోసారి ఆ నూనె మార్చారా అన్నది ఒక్కటి చూసుకుంటే చాలు.

మీరు కోరుకున్న వెనక చక్రాల కారు 328ఐయే, కానీ అసలు గుబులు దాని ఇంజిన్‌లోనే ఉంది. ఆ కాలపు ఎన్20 ఇంజిన్‌లో వాల్వులనూ పిస్టన్లనూ ఒక లయలో నడిపే టైమింగ్ చైన్ దారి తప్పకుండా పట్టి ఉంచే గైడ్లు ప్లాస్టిక్‌వి. ఏళ్లు గడిచేకొద్దీ అవి పెళుసుబారి విరుగుతాయి. ముక్కలు ఇంజిన్ అడుగున నూనె నిలిచే ఆయిల్ సంప్‌లో పడి, నూనె పీల్చే గొట్టం జల్లెడకు అడ్డం పడతాయి. చైన్ జారితే వాల్వులు, పిస్టన్లు ఢీకొంటాయి, ఇంజిన్ దిగిపోతుంది. ఈ వ్యవహారం అమెరికాలో కోర్టు దావాల దాకా వెళ్లింది. (పోనీ డీజిల్ 320డీ చూద్దాం అంటారేమో: ఆ నాటి ఎన్47 ఇంజిన్‌లో చైన్ గేర్‌బాక్సు వైపు ఉంటుంది, దాన్ని మార్చాలంటే మొత్తం విప్పి దించాలి.)

అయినా కోరిక కోరికే కాబట్టి, చూడటానికి వెళ్లే పద్ధతి చెబుతాను. ఉదయం ఏడింటికి, ముందుగా చెప్పకుండా వెళ్లండి. పలకరింపులు కాకముందే బానెట్ మీద అరచెయ్యి ఆనించండి. వెచ్చగా ఉంటే మీకోసమే ముందుగా స్టార్ట్ చేసి ఉంచారని అర్థం, సాయంత్రం మళ్లీ రండి. చల్లగా ఉంటే, అమ్మే వ్యక్తిని స్టార్ట్ చేయమని, మీరు ముందువైపు నిలబడి వినండి. ఆక్సిలరేటరు కొద్దిగా నొక్కించినప్పుడు ఇంజిన్ వేగంతో పాటు పెరిగే సన్నని ఈల వినిపిస్తే బేరం ఆడకుండానే నమస్కారం పెట్టి వచ్చేయండి. వినిపించకపోయినా, మీ మెకానిక్ చేత సంప్ దింపించి, జల్లెడలో ప్లాస్టిక్ ముక్కలు ఉన్నాయేమో చూపించుకోండి. ఆ ఖర్చు మీదే, సందేహించకండి. చైన్, గైడ్లు మార్చినట్టు బిల్లు ఉంటే ఆ కారుకు లక్ష ఎక్కువ ఇచ్చినా నష్టం లేదు.

ఆర్‌ఎస్ దగ్గర వెతకవలసింది వేరే: థర్మోస్టాట్, వాటర్ పంపు ఉన్న ప్లాస్టిక్ డబ్బా చుట్టూ గులాబీ రంగు మరకలు ఎండి ఉన్నాయేమో టార్చి వేసి చూడండి. కూలెంట్ కారడం ఈ ఇంజిన్లకు పాత అలవాటు, కానీ ప్రాణాంతకం కాదు. ఏ కారైనా టైరు పక్క గోడ మీది నాలుగంకెలు చదవండి. 2319 అంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైనది. టైరు పాతబడిన కారులో 245 హార్స్‌పవర్ ఉండటం ఆనందం కాదు, ప్రమాదం.

చిన్ననాటి కోరిక లేకపోయి ఉంటే ఆర్‌ఎస్ అని ఒక్క మాటలో రాసేవాణ్ని.

ప్రశ్న: అమెరికాలో ఉంటున్నాం. పాత బీఎండబ్ల్యూ 335ఐని రెండో కారుగా కొని వారాంతాల్లో నడపాలని నా ఆలోచన. లెక్సస్ ఐఎస్ 350 కొనమని మా బావ పట్టుబడుతున్నాడు. రెండూ 2008 నాటివి. పదిహేనేళ్లుగా జనం తేల్చని ఈ వాదన మీరు తేలుస్తారా? – డాలస్ నుంచి ఒక పాఠకుడు

జవాబు: మన్నిక విషయంలో మీ బావగారిదే పైచేయి. 335ఐలోని ఎన్54 ఇంజిన్‌కు రెండు టర్బోలు, 300 హార్స్‌పవర్. ఐఎస్ 350కి టర్బో లేకుండానే 306. కానీ ఎన్54 హై ప్రెషర్ ఇంధన పంపులు దారి మధ్యలో మొరాయించడంతో 2010 అక్టోబరులో మీ దేశంలో దాదాపు 1,30,000 బీఎండబ్ల్యూలను వెనక్కి పిలిపించారు. ఆ ఇంజిన్‌లో పెట్రోలు నేరుగా సిలిండరులోకే చిమ్ముతుంది గనుక లోపలికి గాలి వెళ్లే వాల్వులను కడిగే దిక్కు లేక మసి పేరుకుంటుంది. వాల్‌నట్ పెంకుల పొడిని గాలితో కొట్టించి శుభ్రం చేయించాలి. లెక్సస్‌లో నేరుగా చిమ్మే ఇంజెక్టర్లతో పాటు వాల్వులకు ముందు చిమ్మేవి కూడా ఉన్నాయి కాబట్టి ఆ బెడద తక్కువ.

కానీ ఐఎస్ 350 సెడాన్‌కు మాన్యువల్ గేర్లు లేవు, స్టీరింగ్‌కు 335ఐ చేతికి చెప్పే కబుర్లు తెలియవు. వారాంతపు కారును ఏమీ పాడవదన్న ఒక్క కారణంతో కొనడం నాకు పెళ్లి భోజనానికి వెళ్లి మజ్జిగన్నం తిన్నట్టు అనిపిస్తుంది. ఇంధన పంపు, నీటి పంపు, ఇంజెక్టర్లు మార్చిన బిల్లుల ఫైలుతో సహా దొరికే 335ఐ ఉంటే దాన్నే తీసుకోండి. ఫైలు లేకపోతే బావ మాట వినండి.

బీఎండబ్ల్యూ ఇంజిన్లంటేనే అంతే అని ఆయన మళ్లీ అంటే మాత్రం ఒక సంగతి గుర్తు చేయండి. ఎన్54 తర్వాతి తరాల్లో వచ్చిన బి58 ఇంజిన్‌నే 2019లో తన సుప్రా కోసం ఏరికోరి తెచ్చుకున్నది ఆ లెక్సస్‌ను తయారు చేసే టయోటాయే.