తోడేలు వేషం వేసేదీ కుక్కే: సినిమాల్లో జంతు శిక్షణ బతుకుదెరువు అవుతుందా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ సెకండియర్, బైపీసీ. ఇంట్లో ఉన్న లాబ్రడార్‌కి షేక్‌హ్యాండ్ ఇవ్వడం దగ్గర్నుంచి చెప్పులు తెచ్చిపెట్టడం దాకా అన్నీ తనే నేర్పింది. ఈమధ్య ‘వైట్ ఫ్యాంగ్’ అనే పాత ఇంగ్లిష్ సినిమా చూసి, నీట్ పుస్తకాలు పక్కన పడేసింది. సినిమాల్లో నటించే కుక్కలకూ తోడేళ్లకూ ట్రైనింగ్ ఇస్తానంటోంది. హస్కీ పిల్లను కొనిమ్మని రోజూ పేచీ. వాళ్ల నాన్నేమో ‘డిగ్రీ చదివి కుక్కల్ని తిప్పుకుంటూ బతుకుతావా’ అని కేకలేస్తున్నారు. ఇద్దరి మధ్యా నేను నలిగిపోతున్నాను. హైదరాబాద్‌లో ఈ పనికి చదువు గానీ, సంపాదన గానీ ఉందా?
– ఒక తల్లి, వనస్థలిపురం

జవాబు: అమ్మా, డబ్బు పోయే విషయం కాబట్టి ముందు హస్కీ సంగతి తేల్చేద్దాం. కొనకండి. చూడ్డానికి తోడేలులా ఉంటుందనే కదా మీ అమ్మాయి అడుగుతోంది! అది సైబీరియా మంచులో బండ్లు లాగడానికి పెంచిన జాతి, ఒంటి మీద రెండు పొరల బొచ్చు. హైదరాబాద్ మే నెలలో దాన్ని ఏసీ గదిలో పెట్టి కాపాడుకోవడమే మీకు పనైపోతుంది. పైగా తనకు తోచిందే చేసే రకం. మాట వినడంలో మీ లాబ్రడార్ దానికంటే నాలుగాకులు ఎక్కువే చదివింది. నేర్చుకోవడానికి ఇంట్లో ఉన్నది చాలు.

ఇక మీ అమ్మాయికి నా తరఫున ఒక మాట చెప్పండి. తను చూసింది అచ్చమైన తోడేలు కాదు. 1991లో వచ్చిన ఆ సినిమాలో ప్రధాన పాత్ర వేసిన జంతువు పేరు జెడ్. తోడేలుకూ అలాస్కన్ మాలమ్యూట్ కుక్కకూ పుట్టిన సంకరం. 1985లో డిస్నీ తీసిన ‘ది జర్నీ ఆఫ్ నాటీ గాన్’లో పాపకు తోడుగా నడిచిన తోడేలు కూడా అదే. ఆ మాటకొస్తే సినిమాకు మూలమైన జాక్ లండన్ నవలలోనూ వైట్ ఫ్యాంగ్‌ది తల్లి వైపు నుంచి కుక్క రక్తమే, కాబట్టి పాత్రకు తగ్గ నటుణ్నే వెతికి పట్టుకున్నారు!

అసలు తోడేలుతో ఎందుకు చేయించరు? క్రూరమైనదని కాదు, మనిషి వైపు చూడదు గనక. బుడాపెస్ట్ పరిశోధకులు 2003లో ఒక ప్రయోగం ఫలితాలు ప్రచురించారు. మనుషుల చేతుల్లో పెరిగిన తోడేళ్లకూ, పెంపుడు కుక్కలకూ తెరవడానికి వీల్లేకుండా చేసిన డబ్బాలో మాంసం పెట్టి ఇచ్చారు. కుక్కలు కాసేపు తంటాలు పడి, ‘నువ్వే ఏదో ఒకటి చెయ్యి’ అన్నట్టు వెనక్కి తిరిగి యజమాని మొహంలోకి చూశాయి. తోడేళ్లు దాదాపుగా చూడలేదు, డబ్బాతోనే కుస్తీ పట్టాయి. సినిమాలో జంతువు నటన మొత్తం ఆ వెనక్కి చూసే చూపు మీదే నడుస్తుంది.

ఒక షాట్ తీసుకుందాం. కుక్క గుమ్మం దగ్గరకొచ్చి ఆగుతుంది, జ్వరంతో మంచం మీదున్న పిల్లాడి వైపు దిగులుగా చూస్తుంది, తల నేలకు ఆన్చి పడుకుంటుంది. థియేటర్లో మనం కళ్లు తుడుచుకుంటాం. సెట్లో జరిగేది వేరు. గుమ్మం దగ్గర నేల మీద చిన్న చెక్కముక్క ఉంటుంది. దాని మీద ముందుకాళ్లు పెట్టి ఆగడం ముందుగా ఇంట్లో నేర్పి, ఆ చెక్కను అంతకంతకూ చిన్నది చేసుకుంటూ వచ్చి, కెమెరా కంట పడనంత చేస్తారు. ఆ దిగులు చూపు పిల్లాడి కోసం కాదు, మంచం అవతల మోకాళ్ల మీద కూర్చున్న ట్రైనర్ వేళ్ల మధ్య ఉన్న ఉడికించిన చికెన్ ముక్క కోసం. తల ఆన్చడం చేతి సైగకు. షాట్‌లో డైలాగులుంటే నోటితో ఏమీ చెప్పడానికి వీల్లేదు మరి. ఇంతలో లైట్‌మన్ స్టాండ్ జరిపాడనుకోండి, కుక్క అటు తిరుగుతుంది, కథ మళ్లీ మొదటికి. క్లాప్ ఠప్పుమంటే బెదిరే కుక్క ఉంటే, క్లాప్ షాట్ చివర్లో కొట్టండని ముందే అడిగి పెట్టుకోవాలి. కోపంగా గుర్రుమనే సీన్ల తమాషా ఇంకోటి. పళ్లు చూపించమంటే చూపిస్తుంది గానీ, వెనక తోక మాత్రం సంతోషంగా ఊగుతూనే ఉంటుంది. ఆ తోకను తర్వాత కంప్యూటర్లో సరిచేసుకోవాల్సి వస్తుంది.

ఇదంతా చదివి మీ అమ్మాయి కళ్లు మెరిస్తే ఆ పిల్లకు ఇందులో నిజంగా ఆసక్తి ఉన్నట్టు. ‘అబ్బా, ఇంతేనా’ అంటే సినిమా మీద మోజు, అది వేసవి దాటదు. ఇంకో పరీక్ష కూడా ఉంది. కుక్క ఊరికే ఆవలిస్తోందా, ఆకలి లేకపోయినా మూతి నాక్కుంటోందా, చెవులు వెనక్కి వాల్చిందా, ఇవి తన కంట పడుతున్నాయా? విసిగిందనడానికి ఇవే గుర్తులు. యాభైమంది యూనిట్, లక్షల్లో నడిచే కాల్షీట్, అవతల డైరెక్టర్ ‘ఒక్క టేక్ అమ్మా’ అంటుంటే ‘ఇవాళ్టికి ఇక చెయ్యదు సార్’ అని నిలబడి చెప్పగలగాలి. నా దృష్టిలో ఈ వృత్తిలో అన్నిటికంటే కష్టమైన పని ఇదే.

సంపాదన దగ్గర మీవారి భయంలో సగం నిజముంది. సినిమానే నమ్ముకుంటే రోజు గడవదు. కుక్క కీలక పాత్రగా ఉండే సినిమా మన దగ్గర ఎప్పుడో గానీ రాదు. 2017లో ప్రకటించిన కన్నడ సినిమా ‘777 చార్లీ’ 2022 జూన్‌కి గానీ తెర మీదకు రాలేదు. అందులో చార్లీ కూడా మీ ఇంట్లో ఉన్న జాతే, లాబ్రడార్. మిగతా సినిమాల్లో హీరో ఇంటి ముందు ఓ కుక్క, ఒకటి రెండు రోజుల పని, రోజు ఖర్చులకిచ్చే బేటా, అంతే. పిలుపు కూడా ప్రొడక్షన్ మేనేజర్ ఫోన్‌లో ఎవరి నంబరుంటే వాళ్లకే వస్తుంది. హాలీవుడ్‌లోనూ ఇది వారసత్వంగా నడిచిన పనే. 1943లో లాసీ అనే ఆడకుక్క పాత్ర వేసింది పాల్ అనే మగకుక్క. తర్వాతి లాసీలు దాని సంతానం, వాటిని తయారుచేసింది పాల్‌కు శిక్షణ ఇచ్చిన వెదర్‌వాక్స్ కుటుంబమే.

మరి ఈ పని చేసేవాళ్లు దేని మీద బతుకుతారు? గచ్చిబౌలి, కొండాపూర్ అపార్ట్‌మెంట్ల మీద. ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్లే ఇళ్లలో కుక్కలు పెరిగాయి, వాటికి మంచీచెడూ నేర్పే మనిషి కావాలి. ఇంటికెళ్లి ఇచ్చే ట్రైనింగ్, ఊరెళ్తే కుక్కను పెట్టుకునే బోర్డింగ్, కరిచే కుక్కను దారికి తేవడం, నెల గడిచేది వీటితోనే. వాటి మధ్యలో సినిమా, యాడ్ ఫిల్మ్ వస్తే వెళ్లిరావడం. కుక్కల్ని తిప్పుకుంటూ బతకడం అని మీవారు తీసిపారేసిన పనే అసలు ఆదాయం.

తోడేళ్ల ముచ్చట మాత్రం మన దేశంలో తీరేది కాదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో తోడేలు ఉంది, ఇంట్లో పెంచడం నేరం. పులి, సింహం, చిరుత, ఎలుగుబంటి, కోతి, వీటికి ఆటపాటల శిక్షణ ఇవ్వడాన్ని ప్రభుత్వం ఎప్పుడో నిషేధించింది. ‘తోడేలు కుక్క’ అని ఇన్‌స్టాగ్రామ్‌లో అమ్మేవాళ్ల జోలికీ పోవద్దు. 2024 మార్చిలో కేంద్రం 23 రకాల కుక్కల దిగుమతి, అమ్మకం, పెంపకం ఆపమని ఇచ్చిన సర్క్యులర్లో అవీ ఉన్నాయి. ఏప్రిల్లో కర్ణాటక హైకోర్టు ఆ సర్క్యులర్‌ను కొట్టేసింది గానీ, ఇంత చికాకు మీకెందుకు? మామూలు కుక్కతో షూటింగ్ చేయాలన్నా 2001 నాటి ప్రదర్శన జంతువుల నిబంధనల కింద జంతు సంక్షేమ బోర్డు దగ్గర రిజిస్ట్రేషన్, పశువైద్యుడి ఫిట్‌నెస్ సర్టిఫికెట్, షూటింగ్‌కు ముందే అనుమతి ఉండాలి. సెన్సార్‌కు వెళ్లేటప్పుడు ఆ బోర్డు పత్రం అడుగుతారు. ఈ కాగితాల పని తెలిసిన ట్రైనర్‌ను నిర్మాతలు వదులుకోరు.

‘ఆర్ఆర్ఆర్’లో భీమ్ వెంటపడ్డ తోడేలూ పులీ కంప్యూటర్ బొమ్మలే. అటువైపు మనసుంటే యానిమేషన్ ఉంది. 2012 నాటి ‘లైఫ్ ఆఫ్ పై’ పులికి పనిచేసిన రిథమ్ అండ్ హ్యూస్ కంపెనీకి మన హైదరాబాద్‌లోనూ స్టూడియో ఉండేది. 2013లో ఆ సినిమాకు ఆస్కార్ వచ్చేనాటికే కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. 2025 ఫిబ్రవరిలో టెక్నికలర్ అనే గ్రాఫిక్స్ కంపెనీ మూతపడి బెంగళూరులో వేలమంది రోడ్డున పడ్డారు. అదీ నిలకడైన ఉద్యోగం కాదని చెప్పడానికే ఇది రాస్తున్నాను. బొమ్మ గీయడం ప్రాణం కాకపోతే ఆ దారి వద్దు.

చదువు విషయంలో నా సలహా సూటిగా చెబుతాను. నీట్ పుస్తకాలు మళ్లీ తియ్యమనండి, ఎంబీబీఎస్ కోసం కాదు, పశువైద్య డిగ్రీ బీవీఎస్సీ కోసం. దేశవ్యాప్తంగా ఉన్న 15 శాతం కోటా సీట్లు నీట్ ర్యాంకుతోనే ఇస్తారు. మన రాష్ట్ర సీట్లకు రాజేంద్రనగర్‌లోని పి.వి.నరసింహారావు పశువైద్య విశ్వవిద్యాలయం ప్రకటన చూడండి. ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్ల కోర్సు. పశువైద్యురాలై, కుక్కల ప్రవర్తన కూడా చదవగల మనిషికి సినిమా రాకపోయినా లోటుండదు. సీటు రాకపోతే రెండేళ్లు లాంగ్‌టర్మ్ కోచింగ్‌లో కూర్చోబెట్టకండి. బీఎస్సీ జువాలజీలో చేర్చి, శని ఆదివారాలు మంచి ట్రైనర్ దగ్గర పనికి పంపండి. నెల రోజుల్లో సర్టిఫికెట్ ఇస్తామని వేలకు వేలు అడిగేవాళ్లను నమ్మొద్దు. సెట్లో ఎవరూ సర్టిఫికెట్ అడగరు, ‘మీ కుక్క ఈ పని చేస్తుందా’ అనే అడుగుతారు. డబ్బు కట్టే ముందు ఒక క్లాసు దగ్గరుండి చూడండి. మెడకు బిగిసే గొలుసు, చేతిలో కర్ర కనిపిస్తే వచ్చేయండి. మొయినాబాద్‌లో పోలీసు జాగిలాల శిక్షణ కేంద్రం ఉంది కదా అని ఎవరైనా అంటారు. అక్కడ నేర్చుకునేది పోలీసు సిబ్బంది, కాబట్టి ముందు కానిస్టేబుల్ ఉద్యోగం రావాలి.

పరీక్షలయ్యాక వేసవి సెలవుల్లో బ్లూక్రాస్ లాంటి షెల్టర్లో వాలంటీర్‌గా చేరమనండి. అక్కడ ముద్దుగా ఉండే లాబ్రడార్లు కాదు, కాలు విరిగిన వీధికుక్కలు ఉంటాయి, కంపు కొట్టే బోన్లు కడగాలి. పంపే ముందు రేబీస్ ముందస్తు టీకాలు వేయించండి. వాళ్ల నాన్నను కూడా ఒక ఆదివారం వెంట వెళ్లి చూసి రమ్మనండి, ఆ తర్వాత కేకలేయాలో వద్దో ఆయనే నిర్ణయించుకుంటారు.